6.1 కెర్నల్‌లోకి ఫైల్ సిస్టమ్ ఫిక్సులు: ఏవి తీసుకోవాలి, ఏవి వదిలేయాలి?

బేగంపేట_బిట్స్:

కెర్నల్ పని మీద ఉన్న అన్నలూ అక్కలూ ఎవరైనా ఉంటే కాస్త ఇటు చూడండి. మా కంపెనీ స్టోరేజ్ బాక్సులు చేస్తుంది, లోపల నడిచేది లినక్స్ 6.1 లాంగ్ టర్మ్ కెర్నల్ (ఏళ్ళ తరబడి ఫిక్సులు అందుతూ ఉండే సిరీస్). చెప్పుకోవడానికి 6.1 గానీ నిజానికి 6.1.50 దగ్గరే ఆగిపోయాం. రెయిడ్ కార్డు డ్రైవరు బయటి నుంచి వచ్చింది, అది రాసిచ్చినవాళ్ళు ఇప్పుడు ఫోనెత్తరు, పైగా కస్టమర్ దగ్గర ఒకసారి సర్టిఫై అయిన కెర్నల్‌ని కదిలిస్తే మళ్ళీ మూడు నెలల తతంగం. అందుకని ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు.

పోయిన నెల ఒక కస్టమర్ దగ్గర కరెంటు పోయి వచ్చాక ఒక డేటాబేస్ లాగ్ ఫైలు చివర్లో కొంత కనిపించలేదు. అంతే, మా మేనేజర్ నన్ను పిలిచి "ఫైల్ సిస్టమ్‌లో డేటా పోయే బగ్గులకి సంబంధించిన ఫిక్సులు మాత్రం ఏరి తీసుకురా, రెండు వారాలు టైమ్" అన్నారు. నాకు కెర్నల్‌లో మూడేళ్ళ అనుభవం, అదీ ఎక్కువగా నెట్‌వర్క్ వైపు. ఫైల్ సిస్టమ్ కోడ్ చదవడం ఇదే మొదటిసారి.

ఇప్పటిదాకా చేసింది ఇది. 6.1.50 నుంచి ఇప్పుడున్న 6.1 చివరి వరకు గిట్ లాగ్ (మార్పుల చిట్టా) తీశాను, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్, దాని జర్నల్ (కరెంటు పోతే కోలుకోవడానికి మార్పుల్ని ముందే రాసిపెట్టుకునేది) జేబీడీ2, ఇంకో ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈ డైరెక్టరీల వరకే. అందులోంచి టైటిల్లో ఫిక్స్ అనో, కరప్షన్ అనో, సింక్ అనో ఉన్నవాటిని ఒక షీట్‌లోకి ఎక్కించాను. పక్కన మూడు కాలమ్‌లు: తీసుకోవాలి, వద్దు, చూద్దాం. మొదటి రోజు బాగానే సాగింది. రెండో రోజు సాయంత్రానికి చూస్తే చూద్దాం కాలమ్ నిండిపోయి మిగతా రెండూ బోసిగా ఉన్నాయి. ఒక్కోదాని కమిట్ మెసేజ్ చదువుతుంటే అన్నీ కావాల్సినవే అనిపిస్తాయి, డిఫ్ చూస్తే ఒక్కటీ ముట్టుకోవద్దనిపిస్తుంది.

తీసుకోవాలి అని ధైర్యంగా టిక్కు పెట్టినవాటిలో ఒకటి చెప్తాను. ఈఎక్స్‌టీ4లో ఓ_సింక్‌తో (రాసింది డిస్క్ చేరాకే తిరిగి రమ్మనడం) డైరెక్ట్ ఐఓ (కెర్నల్ క్యాష్‌ని పక్కనబెట్టి నేరుగా డిస్క్‌కి) రాసినప్పుడు ఫైల్ సైజు సరిగ్గా సింక్ అయ్యేలా చేసే ప్యాచ్. 6.1.64లో వచ్చింది. మా కస్టమర్ సమస్యకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. చెర్రీ-పిక్ చేస్తే (అంటే ఆ ఒక్క ప్యాచ్‌నే మా ట్రీలోకి తెస్తే) ఒక్క కాన్‌ఫ్లిక్ట్ లేకుండా కూర్చుంది, కంపైల్ అయింది, బూట్ అయింది, బాక్సు రాత్రంతా నడిచింది.

ఇట్లాంటివి ఏరడానికి మీ దగ్గర ఏదైనా పద్ధతి ఉందా? కమిట్ మెసేజ్‌లో ఫిక్సెస్ ట్యాగ్ (ఏ పాత కమిట్ తప్పుని సరిచేస్తుందో చెప్పేది), సీసీ స్టేబుల్ ట్యాగ్ (పాత కెర్నల్స్‌కీ పంపమనేది) ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చా? ఏది చూసి "ఇది వద్దు" అని గట్టిగా చెప్తారు?


పాతకాపు_విజయవాడ:

తమ్ముడూ, నీకు నచ్చని సమాధానమే ముందు చెప్తాను. ఏరకు. 6.1 సిరీస్‌లో ఇప్పుడున్న చివరి రిలీజ్‌కి వెళ్ళిపో. స్టేబుల్ (విడుదలైన కెర్నల్ సిరీస్‌లకి ఫిక్సులు చేర్చే ఏర్పాటు) నడిపే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఏళ్ళ తరబడి ఇదే మాట చెప్తున్నాడు, తీసుకుంటే మొత్తం తీసుకోండి, మధ్యలోంచి ఏరుకోవద్దు అని. నేను కూడా మొదట్లో ఇదేదో ఆయన పని తగ్గించుకోవడానికి చెప్తున్నాడనుకున్నా. నీలాగే ఒకసారి ఏరి చూశాక అర్థమైంది. 6.1.64 అనే కెర్నల్‌ని ప్రపంచంలో ఎంతమందో నడుపుతారు, ఏదైనా పగిలితే ఎవరో ఒకరు అరుస్తారు. నువ్వు 6.1.50 మీద నలభై ప్యాచ్‌లు అంటించి తయారుచేసే కెర్నల్ ఈ భూమ్మీద నీ బాక్సుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. దాన్ని టెస్ట్ చేసేది నువ్వొక్కడివే, పగిలితే అరిచేది నీ కస్టమరే.

స్టేబుల్‌లోకి ఏది పడితే అది రాదు, దానికీ రూల్స్ ఉన్నాయి. ప్యాచ్ ముందు లైనస్ ట్రీలో (మెయిన్‌లైన్ అనేది దీన్నే) ఉండాలి, చుట్టుపక్కల లైన్లతో కలిపి వంద లైన్లు దాటకూడదు, చూడగానే కరెక్ట్ అని తెలియాలి, టెస్ట్ అయ్యుండాలి, నిజంగా జనాన్ని ఇబ్బంది పెట్టే బగ్గుని సరిచేయాలి. ఇవన్నీ అక్షరాలా పాటిస్తారా అంటే, వంద లైన్ల రూల్ చాలాసార్లు గాలికి పోతుంది, అది అందరికీ తెలిసిందే.

ఇంకోటి. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ వాళ్ళే సొంతంగా సీవీఈ నంబర్లు (భద్రతా లోపాలకి ఇచ్చే గుర్తింపు నంబర్లు) ఇచ్చుకుంటున్నారు. స్టేబుల్‌లోకి వచ్చే ఫిక్సుల్లో చాలావాటికి నంబరు పడుతోంది. నువ్వు 6.1.50 దగ్గరే కూర్చుంటే రేపు కస్టమర్ సెక్యూరిటీ టీమ్ స్కానర్ పెట్టి ఒక పెద్ద చిట్టా పంపిస్తుంది, అప్పుడు ఒక్కో నంబరుకీ "ఇది మాకు వర్తించదు" అని సంజాయిషీ రాస్తూ కూర్చోవాలి. ఆ పని కంటే ఆ డ్రైవరుని కొత్త 6.1కి తెచ్చుకోవడం సుఖం. 6.1 సిరీస్ లోపలే మారితే డ్రైవరు పగలడం అరుదు.


బేగంపేట_బిట్స్:

అన్నా మీరన్నది నిజమే, నేనూ అదే చెప్పాను మీటింగ్‌లో. వచ్చే క్వార్టర్‌లో చూద్దాం అన్నారు, ఆ మాట నేను చేరినప్పటి నుంచీ వింటున్నా. ఈ రెండు వారాల్లో మాత్రం ఏరక తప్పదు.


ఐనోడ్_అక్క:

బేగంపేట గారూ, మీరు ఉదాహరణగా ఇచ్చిన ప్యాచ్ పేరు చూడగానే నాకు గుండె గుభేల్‌మంది. దయచేసి ఆ బాక్సుని ఏ కస్టమర్‌కీ పంపకండి. ఫైల్ సిస్టమ్ బ్యాక్‌పోర్ట్ (కొత్త ప్యాచ్‌ని పాత కెర్నల్‌కి తేవడం) అనగానే మేమంతా చెప్పుకునే కథ అదే, మీరు సరిగ్గా వెళ్ళి దాని మీదే కాలేశారు.

ఆ ప్యాచ్‌లో తప్పేమీ లేదు. ఓ_సింక్ అంటే రైట్ తిరిగొచ్చేసరికి డేటాతో పాటు పెరిగిన సైజు కూడా డిస్క్ మీద ఉండాలి. ఈఎక్స్‌టీ4లో డైరెక్ట్ ఐఓతో ఫైల్ చివర రాసినప్పుడు ఏమయ్యేదంటే, సింక్ ముందు జరిగిపోయేది, సైజు పెంచడం ఆ తర్వాత జరిగేది. ఆ సందులో కరెంటు పోతే డేటా డిస్క్ మీదే ఉంటుంది, సైజు మాత్రం పాతది, కాబట్టి ఫైల్ పొట్టిగా కనిపిస్తుంది. జాన్ కారా దాన్ని సరిచేశాడు, సైజు పెంచే పనిని ఐఓ పూర్తయినప్పుడు పిలిచే ఫంక్షన్‌లోకి, అంటే సింక్‌కి ముందుకి జరిపాడు. మెయిన్‌లైన్‌లో, 6.7 తయారవుతున్నప్పుడు, అది బంగారంలా పనిచేసింది.

కానీ అది పని చేసేది కింద ఐఓమ్యాప్ కోడ్ (ఫైల్ సిస్టమ్‌లు ఉమ్మడిగా వాడుకునే ఐఓ కోడ్) ఒక రకంగా ఉంటేనే. 6.5లో ఐఓమ్యాప్‌లో ఒక చిన్న మార్పు వచ్చింది, డైరెక్ట్ ఐఓ పూర్తయ్యాక ఫైల్ పొజిషన్‌ని (తర్వాతి రైట్ ఎక్కడ పడాలో చెప్పే గుర్తుని) ఇంకాస్త ఆలస్యంగా అప్‌డేట్ చేయమని. అదొక క్లీనప్ సిరీస్‌లో భాగం. బగ్ ఫిక్స్ అని ఎక్కడా లేదు. కాబట్టి దాన్ని 6.1కి తేవాలని ఎవరికీ తోచలేదు. 2023 నవంబర్ చివర్లో ఈఎక్స్‌టీ4 ప్యాచ్ మాత్రం 6.1.64లోకి వచ్చేసింది. కాన్‌ఫ్లిక్ట్ లేదు, వార్నింగ్ లేదు, బూట్ అయింది. మీకు అయినట్టే. లోపల ఫైల్ పొజిషన్ లెక్క తప్పింది. డైరెక్ట్ ఐఓ రైట్ ఒకటి అయ్యాక వెనకాలే వచ్చే రైట్ తప్పు చోట పడొచ్చు. అంటే డేటా పోకుండా తెచ్చిన మందు డేటానే తినేసింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ఎల్‌టీపీ (లినక్స్ టెస్ట్ ప్రాజెక్ట్) టెస్టుల్లో ఒకటి ఫెయిలవడంతో తీగ దొరికింది. 6.1.65లో కూడా బగ్ అలాగే ఉంది. 6.1.66లో ఆ ఐఓమ్యాప్ మార్పుని కూడా తెచ్చి సరిచేశారు. డెబియన్ వాళ్ళు సరిగ్గా ఆ వారాంతంలోనే 12.3 విడుదల పెట్టుకున్నారు, 6.1.64తో. అన్నీ సిద్ధమయ్యాక ఆపేసి, డిసెంబర్ 10న 12.4 అని వేరే నంబరుతో ఇచ్చారు.

ఇప్పుడు మీ షీట్ సంగతి. మీరు ఈఎక్స్‌టీ4, జేబీడీ2, ఎక్స్‌ఎఫ్‌ఎస్ డైరెక్టరీలే తీశానన్నారు. ఐఓమ్యాప్ వేరే డైరెక్టరీ. పోనీ అది కలిపినా, టైటిల్లో ఫిక్స్, కరప్షన్, సింక్ అనే మాటలు వెతికానన్నారు. ఆ ప్యాచ్ టైటిల్లో వాటిల్లో ఒక్క మాట కూడా లేదు, పొజిషన్‌ని కాస్త ఆలస్యంగా అప్‌డేట్ చేయి అని మాత్రమే ఉంటుంది. మీ జల్లెడలో రెండుచోట్లా జారిపోయింది. 6.1.64 ప్యాచ్ మీ దగ్గరుంది, 6.1.66ది లేదు.

ఇంకా అయిపోలేదు. ఆ ఈఎక్స్‌టీ4 ప్యాచ్ కమిట్ ఐడీ తీసుకుని, మెయిన్‌లైన్ లాగ్‌లో ఫిక్సెస్ ట్యాగ్‌లో ఆ ఐడీ ఎవరైనా పెట్టారా అని వెతకండి. సిజ్‌బాట్ (కెర్నల్‌లో బగ్గులు వెతికే ఆటోమేటిక్ బాట్) పట్టుకున్న వార్నింగ్ ఒకదానికి ఫిక్స్ కనిపిస్తుంది, ఐఓ పూర్తవడానికీ ట్రంకేట్‌కీ (ఫైల్ సైజు మార్చడానికీ) మధ్య రేస్ (ఏది ముందో తేలని పోటీ) గురించి. అంటే మీరు ఒకటి అనుకున్నది నిజానికి మూడు.

అందుకే నేను ప్యాచ్‌ని "ఇది ఏం సరిచేస్తుంది" అని చూడను, అది కమిట్ మెసేజ్‌లో ఎలాగూ రాసుంటుంది. "ఇది దేని మీద నిలబడింది, ఆ నేల మన దగ్గర ఉందా" అని చూస్తాను. మెయిన్‌లైన్‌లో ఆ కమిట్ దగ్గర నిలబడి, అది పిలిచే ప్రతి ఫంక్షన్‌నీ, దాన్ని పిలిచే ప్రతి ఫంక్షన్‌నీ మన ట్రీలో అదే పేరున్న ఫంక్షన్‌తో పక్కపక్కన పెట్టి చదువుతాను. పేరు ఒకటే, ఆర్గ్యుమెంట్లు ఒకటే, కానీ లాక్ ఎవరు పట్టుకుంటారు, ఎర్రర్ వస్తే ఎవరు వదులుతారు, తిరిగొచ్చే సంఖ్యకి అర్థం ఏంటి, ఇవి మారి ఉంటాయి. గిట్‌కి ఇవి తెలియవు, కంపైలర్‌కీ తెలియవు. కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన ప్యాచ్ అంటే నాకు పెద్ద భయం లేదు, అది మనల్ని ఆపి చదివిస్తుంది. సాఫీగా కూర్చున్నదే భయం.


సెగ్‌ఫాల్ట్_శీను:

అక్క చెప్పిన "ఎర్రర్ వస్తే ఎవరు వదులుతారు" దానికి నా తరఫున ఒక సాక్ష్యం 😄

పాత కంపెనీలో (పేరొద్దు) నేనే చేసిన ఘనకార్యం. డైరెక్టరీ బ్లాక్ చదివేటప్పుడు చెక్కులు పెంచే ప్యాచ్, ఏడెనిమిది లైన్లు కూడా లేవు. కొత్తగా ఒక చెక్కు, అది తప్పితే ఔట్ లేబుల్‌కి దూకి బఫర్ (డిస్క్ బ్లాక్‌కి మెమరీలో ఉండే నకలు) వదిలేసి తిరిగొచ్చేయడం. మెయిన్‌లైన్‌లో బఫర్ వదిలే బాధ్యత ఆ ఫంక్షన్‌దే. మా పాత ట్రీలో మాత్రం దాన్ని పిలిచినవాడిది. నేను ఆ లైను కూడా యథాతథంగా తెచ్చా. మామూలుగా ఏమీ కాలేదు, డైరెక్టరీ బాగున్నంత కాలం ఆ దారిలోకే పోదు కదా. నాలుగు నెలల తర్వాత ఒక కస్టమర్ డిస్క్‌లో నిజంగానే ఒక బ్లాక్ పాడైంది, ఆ దారిలోకి పోయింది, ఒకే బఫర్‌ని రెండుసార్లు వదిలింది. లాగ్ నిండా వదిలేసిన బఫర్‌నే మళ్ళీ వదులుతున్నావ్ అన్న వార్నింగులు, వాటి వెనక ఇంకేదో దానికి అదే బఫర్ దొరికి ఇద్దరూ రాసుకోవడం. పాడైన డిస్క్‌ని కాపాడాల్సిన ప్యాచ్, పాడైన డిస్క్ దొరికినప్పుడే పగిలింది. ఆ వారం ఎట్లా గడిచిందో ఇప్పటికీ గుర్తు చేసుకోవాలని లేదు, తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పట్నుంచి ఎర్రర్ దారుల్ని కాగితం మీద గీసుకుంటా. నవ్వుతారు జనం, నవ్వనీ.


గచ్చిబౌలి_జర్నల్:

అందరూ భయపెట్టేస్తున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. తీసుకోకపోవడం కూడా నిర్ణయమే, దానికీ మూల్యం ఉంటుంది.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాళ్ళ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. సాషా లెవిన్ నడిపే ఆటోసెల్ అనే ఏర్పాటు ఉంది, ట్యాగ్ లేకపోయినా ఫిక్స్‌లా కనిపించే కమిట్లని అదే ఏరి స్టేబుల్‌కి పంపిస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ మెయింటెయినర్లు మా కోడ్‌ని దానికి వదలొద్దు అన్నారు. బదులుగా ఒక్కో లాంగ్ టర్మ్ సిరీస్‌కీ ఒక మనిషి బాధ్యత తీసుకుని, ఏ ప్యాచ్‌లు కావాలో ఏరి, టెస్ట్ చేసి, ముందు ఎక్స్‌ఎఫ్‌ఎస్ లిస్ట్‌లో ఒప్పించి, అప్పుడు స్టేబుల్‌కి పంపిస్తారు. చాలా మంచి పద్ధతి, నాకు ఇష్టమైన పద్ధతి. అయినా 2023 మేలో 6.3 సిరీస్‌లో ఏమైంది? జనానికి ఎక్స్‌ఎఫ్‌ఎస్ మెటాడేటా (ఫైళ్ళ గురించి ఫైల్ సిస్టమ్ రాసుకునే లెక్కలు) పాడవడం మొదలైంది. దానికి ఫిక్స్ అప్పటికే మెయిన్‌లైన్‌లో ఉంది! 6.3 లాంగ్ టర్మ్ కాదు, దాన్ని పట్టించుకునే మనిషి ప్రత్యేకంగా లేడు, ప్యాచ్ మీద స్టేబుల్ ట్యాగ్ లేదు, టైటిల్ చూస్తే డిస్క్ నిండినప్పుడు లైవ్‌లాక్ (పని ముందుకి సాగకుండా తిరుగుతూనే ఉండడం) అని ఉంటుంది, కరప్షన్ అన్న మాటే కనిపించదు. యూజర్లు వచ్చి ఏడిస్తే గానీ అది 6.3లోకి రాలేదు.

కాబట్టి టైటిల్ చూసి "ఇది హ్యాంగే కదా, డేటా పోదుగా" అని వదిలేయకండి. మీ మేనేజర్ డేటా పోయేవి మాత్రమే అన్నారు, ఆ గీత కోడ్‌లో ఉండదు. జర్నల్‌లో డెడ్‌లాక్ పడితే ఆపరేటర్ ఏం చేస్తాడు? పవర్ బటన్ నొక్కుతాడు.

నా షీట్‌లో కాలమ్‌లు వేరు. మొదటిది, మా కస్టమర్ సెటప్‌లో ఆ కోడ్ అసలు నడుస్తుందా. మీరు ఈఎక్స్‌టీ4ని బిగ్‌అలాక్‌తో (బ్లాకుల్ని గుంపులుగా కేటాయించే ఫీచర్) వాడకపోతే బిగ్‌అలాక్ ఫిక్సులన్నీ ఒక్క దెబ్బకి పోతాయి, షీట్ గణనీయంగా చిక్కిపోతుంది. రెండోది, పగిలితే రీబూట్‌తో పోతుందా, లేక డిస్క్ మీద మరక మిగులుతుందా. మరక మిగిలే బగ్ అయితే ప్యాచ్ ఎంత కష్టమైనా కూర్చుని తెస్తాను, రీబూట్‌తో పోయేదైతే కాస్త క్లిష్టంగా కనిపించినా వాయిదా. సిజ్‌బాట్ తయారుచేసిన వంకర ఇమేజ్ మౌంట్ చేస్తే క్రాష్ అయ్యే రకం బగ్గులుంటాయి చూడండి, మీ బాక్సులో బయటివాళ్ళ డిస్క్ ఎవరూ మౌంట్ చేయరు కాబట్టి అవి అడుగుకి. ల్యాప్‌టాప్‌లకి కెర్నల్ ఇచ్చేవాళ్ళకైతే అవే పైకి రావాలి, యూఎస్‌బీ పెట్టగానే మౌంట్ అయిపోతుంది కదా.

పర్ఫార్మెన్స్ ప్యాచ్‌లు, డిస్క్ మీద ఫార్మాట్ మార్చేవి, కొత్త ఫీచర్ ఫ్లాగ్‌లు: వీటిని అసలు చదవను కూడా. ఎవరైనా "ఒక్కటే కదా, పనిలో పనిగా తెచ్చేద్దాం" అంటే టీ తాగి రమ్మంటాను.

ట్యాగ్‌ల గురించి అడిగారు. సీసీ స్టేబుల్ ఉందంటే రాసినవాడు ఇది పాత కెర్నల్స్‌కి కావాలి అని అనుకున్నాడు, అంతవరకే. ఎన్ని పాత కెర్నల్స్‌లో నడిపి చూశాడు అంటే, ఎక్కువసార్లు సున్నా. ఫిక్సెస్ ట్యాగ్ మాత్రం వజ్రం, ఆ బగ్ ఎప్పుడు పుట్టిందో చెప్తుంది. 6.3లో పుట్టిన బగ్‌కి ఫిక్స్ 6.1కి అక్కర్లేదు. కాకపోతే బగ్ పుట్టించిన కమిట్ కూడా బ్యాక్‌పోర్ట్ అయ్యి 6.1లోకి వచ్చిందేమో ఒకసారి చూసుకోవాలి, ఇది చాలామంది మరిచిపోతారు.


విశాఖ_లాగ్‌రైట్స్:

టెస్టింగ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? "బూట్ అయింది, రాత్రంతా నడిచింది" అనేది ఫైల్ సిస్టమ్‌కి టెస్ట్ కాదండీ. అక్క చెప్పిన 6.1.64 బగ్ ఉన్న మెషిన్ కూడా రాత్రంతా నడుస్తుంది.

ఎఫ్ఎస్‌టెస్ట్స్ అనే టెస్టుల మూట పెట్టుకోండి. ఒకప్పుడు ఎస్‌జీఐ వాళ్ళు ఎక్స్‌ఎఫ్‌ఎస్ కోసం రాసుకున్నది, ఇప్పుడు అన్ని ఫైల్ సిస్టమ్‌లకీ అదే. ఒక్కటే జాగ్రత్త, దీన్ని ప్యాచ్‌లు వేశాక మొదలుపెట్టకండి. ముందు మీ పాత 6.1.50 మీద అందులోని ఆటో గ్రూప్ టెస్టులు మొత్తం నడపండి. కొన్ని ఫెయిలవుతాయి, కంగారు పడకండి. కొన్ని ఒకసారి పాసై ఒకసారి ఫెయిలవుతాయి, వాటికి కంగారు పడండి. ఎందుకంటే రేపు ప్యాచ్ వేశాక అదే టెస్ట్ ఫెయిలైతే మీ ప్యాచ్ వల్లా, దాని పాత జబ్బు వల్లా అని తేల్చలేరు. అందుకే ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ నడిపి, ఏది పదిసార్లకి ఎన్నిసార్లు పడుతుందో రాసి పెట్టుకోవాలి. కేడెవాప్స్ అని ఒక ప్రాజెక్ట్ ఉంది, ఈ పనిని ఆటోమేట్ చేస్తుంది, వర్చువల్ మెషిన్లు లేపి, ఫెయిలయ్యేవాటి జాబితా గుర్తుపెట్టుకుని, మళ్ళీ మళ్ళీ నడుపుతుంది. స్టేబుల్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ పనిలో వాడినదే.

ఒక్క కాన్ఫిగరేషన్ సరిపోదు. ఈఎక్స్‌టీ4 4కే బ్లాక్‌తో ఒకటి, 1కే బ్లాక్‌తో ఒకటి, జర్నల్ మోడ్ మార్చి ఒకటి. 1కే ఎందుకు, మా కస్టమర్లెవరూ వాడరు అంటారు మీవాళ్ళు. వాడకపోయినా పర్లేదు, బ్లాక్ పేజీ కంటే చిన్నదైనప్పుడు ఒకే పేజీలో సగం రాసి సగం రాయని పరిస్థితులు బయటికొస్తాయి, లెక్కల తప్పులు అక్కడే దొరుకుతాయి.

అన్నిటికంటే ముఖ్యం, మీ కస్టమర్ బాధ కరెంటు పోవడం. కాబట్టి కరెంటు పోగొట్టే టెస్టులు వేరేగా, ఎక్కువసేపు నడపండి. ఎఫ్ఎస్‌టెస్ట్స్‌లో జెనెరిక్ 388 అనే టెస్ట్ ఉంది, లోడ్ నడుస్తుండగానే ఫైల్ సిస్టమ్‌ని షట్‌డౌన్ చేసి మళ్ళీ మౌంట్ చేస్తుంది, లూప్‌లో. జెనెరిక్ 475 అయితే కింద డివైస్ ఎర్రర్లు ఇచ్చేలా చేసి అదే పని. రికవరీలూప్ అని గ్రూపే ఉంది. డీఎం-లాగ్-రైట్స్ అంటే ఇంకా ముచ్చట, ప్రతి రైట్‌నీ వరసగా రికార్డ్ చేసుకుని, తర్వాత ఏ క్షణంలో కరెంటు పోయిందనుకుంటే ఆ క్షణం వరకు రీప్లే చేసి చెక్ చేయొచ్చు. నా హ్యాండిల్ అక్కడి నుంచే వచ్చింది 🙂

టెస్ట్ కెర్నల్‌లో కేఏశాన్ (మెమరీ తప్పులు పట్టేది), లాక్‌డెప్ (లాక్ తప్పులు పట్టేది) ఆన్ చేసి ఒక రౌండ్, ఆఫ్ చేసి ఒక రౌండ్. శీను గారి బఫర్ కథ నాలుగు నెలలు ఆగకుండా, ఎర్రర్ దారిలోకి తోసే టెస్ట్ ఒకటి ఉంటే మొదటి రోజే పట్టుబడేది.

గంటలకి గంటలు పడుతుంది ఇదంతా. రెండు వారాల్లో సగం మెషిన్‌కే ఇవ్వండి, ప్యాచ్‌లు ఏరడానికి సగం. మేనేజర్‌కి ఇదే చెప్పండి.


సెగ్‌ఫాల్ట్_శీను:

విశాఖ గారూ, అప్పట్లో మాకు టెస్ట్ మెషిన్ ఒక్కటే, దాన్ని కూడా నెట్‌వర్క్ టీమ్ వాళ్ళు శుక్రవారాలు పట్టుకుపోయేవాళ్ళు. బేగంపేట బ్రో, ఆ నెట్‌వర్క్ టీమ్‌లో నువ్వు లేవుగా?


పాతకాపు_విజయవాడ:

అక్క చెప్పిన కథనే నా వాదనకి వాడుకుంటా, ఏమనుకోకండి. 6.1.64 తీసుకున్నవాళ్ళకి దెబ్బ తగిలింది, నిజమే. కానీ మొత్తం సిరీస్ వెంట నడిచినవాళ్ళకి 6.1.66 పది రోజుల్లో దానంతటదే వచ్చింది, ఏమీ వెతుక్కోకుండా. ఏరుకున్న తమ్ముడి దగ్గర ఇన్నాళ్ళ తర్వాత కూడా ఆ బగ్ తాజాగా ఉంది. సరే, ఏరాల్సిందే అంటున్నావు కాబట్టి ఒక్క పని చెయ్. ఒంటరి ప్యాచ్‌లుగా ఏరకు, ఒక సబ్‌సిస్టమ్ మొత్తాన్ని ఒక రిలీజ్ వరకు తీసుకో. ఈఎక్స్‌టీ4, జేబీడీ2, ఐఓమ్యాప్, వాటికి ఆనుకుని ఉన్న కామన్ ఫైల్ కోడ్, ఈ నాలుగూ చివరి 6.1లో ఎలా ఉన్నాయో అలాగే, వచ్చిన వరసలోనే. మిగతా కెర్నల్ 6.1.50లోనే ఉండనీ. ఇది కూడా ఎవరూ నడపని కాంబినేషనే, కాదనను, కానీ లోపలి వరస చెడదు.

ఇంకొక్క ముక్క. ఫైల్ సిస్టమ్ కింద బ్లాక్ లేయర్ (డిస్క్‌కి రిక్వెస్టులు పంపే పొర) ఉందని మర్చిపోకు. 2018 చివర్లో 4.19లో జనం డేటా పోయిందని ఈఎక్స్‌టీ4ని రోజుల తరబడి తిట్టారు. చివరికి తేలింది అది బ్లాక్ లేయర్‌లోని మల్టీక్యూ కోడ్‌లో బగ్ అని, 4.19.8లో సరైంది. నీ కస్టమర్ ఫైల్ చివర పోయింది ఫైల్ సిస్టమ్ వల్లే అని ఎవరు తేల్చారు? ఫోనెత్తని వాళ్ళ రెయిడ్ డ్రైవరు ఫ్లష్ కమాండ్‌ని (క్యాష్‌లో ఉన్నది డిస్క్ మీదకి దించమనే ఆదేశాన్ని) నిజంగా కిందికి పంపిస్తోందా, మింగేస్తోందా?


బేగంపేట_బిట్స్:

నాలుగు రోజులైంది, మాయమయ్యాననుకోకండి. శీను అన్నా, ఆ టీమ్ కాదు గానీ శుక్రవారాలు మెషిన్ పట్టుకుపోయింది నేనే, వేరే కంపెనీలో. పాపం తగిలింది.

అక్క చెప్పినట్టు ఐఓమ్యాప్ ఫైల్ తెరిచి పక్కపక్కన పెట్టి చదివాను. డైరెక్ట్ ఐఓ కంప్లీషన్ ఫంక్షన్‌లో పొజిషన్ కలిపే లైన్ మా ట్రీలో ఉన్నచోటు వేరు, మెయిన్‌లైన్‌లో వేరు. అంతే తేడా. దానికోసం నేను జన్మలో ఆ ఫైల్ తెరిచేవాణ్ణి కాదు. నా టిక్కు పెట్టిన కెర్నల్ మీద చిన్న ప్రోగ్రామ్ రాసి డైరెక్ట్ ఐఓతో వరసగా రెండు బ్లాకులు రాయించాను, మొదటిది నిండా ఒక అక్షరం, రెండోది నిండా ఇంకో అక్షరం, తర్వాత చదివించాను. మొదటి అక్షరం ఉండాల్సిన చోట రెండోది ఉంది. కాసేపు స్క్రీన్ వైపు అలా చూస్తూ ఉండిపోయాను. రాత్రంతా నడిచిన బాక్సు అది.

షీట్ పక్కన పెట్టేశాను. పాతకాపు అన్న చెప్పినట్టు ఈఎక్స్‌టీ4, జేబీడీ2, ఐఓమ్యాప్ మొత్తం వరస క్రమంలో తెస్తున్నా, గచ్చిబౌలి గారి రెండు కాలమ్‌లు మాత్రం ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి వాడుతున్నా, అక్కడ కస్టమర్లు తక్కువ కాబట్టి మరక మిగిలేవే తీసుకుంటాను. కామన్ ఫైల్ కోడ్‌లో రెండుచోట్ల కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, ఇప్పుడు కాన్‌ఫ్లిక్ట్ చూస్తే సంతోషంగా ఉంటోంది, ఇదేం జబ్బో.

మేనేజర్‌కి చిన్న ప్రోగ్రామ్ చూపించాను. ఏమీ మాట్లాడలేదు, ఇంకో వారం ఇచ్చారు, ఇంకో రెండు మెషిన్లు కూడా.

ఫ్లష్ సంగతి అన్న అడిగాక టెన్షన్ మొదలైంది. డ్రైవరు సోర్స్‌లో ఫ్లష్ హ్యాండ్లర్ దొరికింది. మాడ్యూల్ ప్యారామీటర్ ఒకటి ఆన్‌లో ఉంటే అది ఏమీ చేయకుండా సక్సెస్ అని తిరిగొస్తుంది. ఫీల్డ్‌లో ఉన్న బాక్సుల్లో ఆ ప్యారామీటర్ ఎలా ఉందో సపోర్ట్ టీమ్‌ని అడిగాను, సోమవారం చెప్తామన్నారు. ఈలోగా 6.1.50 బేస్‌లైన్ మీద జెనెరిక్ 388 మూడో రౌండ్ నడుస్తోంది.